నువ్వు ఏమని పిలుస్తున్నవ్, తమ్మీ?

పెద్ద హనుమాన్ జయంతి దగ్గర పడిందంటే మా మల్యాల దారుల రంగు మారిపోతుంది. కోరుట్ల నుంచి, మెట్‌పల్లి నుంచి, జగిత్యాల నుంచి, సిరిసిల్ల నుంచి కాషాయ బట్టలు కట్టుకున్న పిల్లలు వైశాఖపు ఎండలో, మరిగిన తారు మీద, చెప్పుల్లేని కాళ్లతో కొండగట్టు వైపు నడుస్తుంటారు. రాత్రీ పగలూ ఆ వరుస తెగదు. దారి పక్కన నీళ్లు పోసేవాళ్లు, మజ్జిగ పోసేవాళ్లు అందరినీ ఒకే మాటతో పిలుస్తారు. స్వామీ. 41 రోజుల దీక్ష పట్టినవాడూ స్వామే, 11 రోజుల దీక్ష పట్టినవాడూ స్వామే. పటేలు కొడుకూ స్వామే, డప్పు కొట్టే ఇంటి పిల్లవాడూ స్వామే. డెబ్బై ఏండ్ల ముసలాయన పదిహేనేండ్ల పోరణ్ని పట్టుకొని "స్వామీ, ఇంకో గిలాస తాగు" అని బతిమాలుతాడు. ఒకే చాప మీద పడుకుంటారు. ఒకరు వండిన అన్నం ఇంకొకరు కండ్లకద్దుకొని తింటారు.

కొండ మీద దీక్ష విరమించి, మాల తీసి, బస్సెక్కి ఇంటికొస్తారు. మర్నాడు పొద్దున అదే పిల్లవాడు వాకిట్లో పండ్లు తోముకుంటూ, మోరీ తీస్తున్న తన తాత వయసు మనిషిని చూసి అంటాడు: "అరేయ్, ఇటుపక్క సరిగ్గ తియ్యరా."

తమ్ముండ్లారా, చెల్లెండ్లారా, నేను మీతో మాట్లాడదలచింది ఈ రెండు పిలుపుల గురించే. రెండింటి మధ్య ఒక్క రోజు కూడా లేదు. మనిషి అదే మనిషి, నోరు అదే నోరు. మనుషులంతా ఒక్కటే అని మీకు కొత్తగా ఎవరూ నేర్పనక్కర లేదు. మీరు 41 రోజులు దాన్ని ఆచరించి చూపించారు. చేతకానివాణ్ని తిట్టడం తప్పు. చేతనై, చేసి చూపించి, మర్నాడు వదిలేసినవాణ్ని అడగాలి. అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను.

మెడలో వేసుకొని మొక్కే మాల, ఊరవతలి వాడకు పెట్టిన పేరు మాల. రెండూ మన భాషలో ఒకే మాట. ఒకటి తాకితే పుణ్యం అనుకున్నాం, ఇంకొకటి తాకితే మైల అనుకున్నాం. ఇన్ని వందల ఏండ్లలో ఈ సంగతి మన నాలుకకు ఎందుకు గుచ్చుకోలేదో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

"మా ఊళ్లె అసుంటియి ఏం లేవు." ఈ మాట నేను ఎన్ని ఊళ్లల్లో విన్నానో లెక్క లేదు. చెప్పేది ఎప్పుడూ ఊరి నడిమి ఇండ్లవాళ్లే. వాడ చివరి ఇంటివాళ్ల నోట ఈ మాట నేను ఒక్కసారి కూడా వినలేదు. ముల్లు గుచ్చుకోని కాలు, దారి మెత్తగా ఉందనే చెబుతుంది. అందులో అబద్ధమాడాలన్న ఉద్దేశం కూడా ఉండదు. అదే ఎక్కువ ప్రమాదం. ఎదుటివాణ్ని మోసం చేసేవాడు ఎప్పటికైనా దొరికిపోతాడు, తనను తాను మోసం చేసుకునేవాణ్ని ఎవరు పట్టుకోవాలి?

మన ఉమ్మడి కరీంనగర్ బతుకును మూడు మాటల్లో చెబుతారు. బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి. ఈ మూడింటిలో రెండు చోట్ల లోకం మనల్ని ఏమని పిలిచిందో ఒకసారి గుర్తు చేసుకోండి.

బొంబాయి సంగతి. 18వ శతాబ్దం చివరి రోజుల నుంచి నిజాం రాజ్యపు పల్లెల నుంచి కూలికి పోయిన తెలుగువాళ్లను అక్కడ కామాటీలు అన్నారు. ఆ నగరపు కట్టడాలకు రాళ్లు మోసింది, సున్నం కలిపింది వాళ్లు. వాళ్లు గుడిసెలు వేసుకున్న పేటకు వాళ్ల పేరే పడింది, కామాటిపుర. ఇవ్వాళ ఆ పేరు వింటే దేశంలో ఎవరికైనా గుర్తొచ్చేది పడుపు వృత్తి. చెమటోడ్చిన మన తాతల పేరు అట్లా మిగిలింది. ఆ తర్వాత సిరిసిల్ల నేతన్నలు మగ్గాలు నడపడానికి భీవండి పోయినా, సూరత్ పోయినా, వాళ్లకు సొంత పేరు ఉందని ఎంతమంది గుర్తించారు?

మన జిల్లాలకు దూరమైనా, రంగూన్ సంగతి కూడా చెప్పాలి. కాకినాడ దగ్గరి కోరంగి రేవు నుంచి ఓడలెక్కి బర్మా పోయిన తెలుగు కూలీలను అక్కడ ఆ రేవు పేరుతోనే కోరంగీలు అన్నారు. పిలవగా పిలవగా అదొక తిట్టయింది. 1930 మే నెలలో రంగూన్ ఓడరేవులో తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె కట్టారు. యజమానులు వాళ్ల స్థానంలో బర్మా కూలీలను పెట్టుకున్నారు. సమ్మె తీరి మనవాళ్లు మళ్లీ పనిలోకి వచ్చేసరికి ఇద్దరు పేదవాళ్ల మధ్య చిచ్చు రాజుకుంది. రోజుల తరబడి వీధుల్లో మన కూలీలను వెతికి వెతికి చంపారు. ఇద్దరినీ పనిలో పెట్టుకున్న దొరకు దెబ్బ తగలలేదు.

ఇక దుబాయి. దుబాయి అంటే మనకు మస్కట్ కూడా, సౌదీ కూడా, కువైట్, ఖతర్, బహ్రెయిన్ కూడా. అక్కడ మన పేరు రఫీక్. అరబ్బీలో ఆ మాటకు స్నేహితుడు అని అర్థం. అంత మంచి మాటను ఎవరిని చూసి, ఏ గొంతుతో అంటారో గల్ఫ్ చూసొచ్చిన ప్రతివాడికీ తెలుసు. పని చెప్పేటప్పుడు రఫీక్, కసిరేటప్పుడు రఫీక్, ఆకుపచ్చ లైటు పడకముందే రోడ్డు దాటితే రఫీక్. పాస్‌పోర్టు కఫీల్ దగ్గర, అంటే పనిలో పెట్టుకున్న యజమాని దగ్గర. ఒకే మిషన్ మీద ఒకే పని చేసే ఇద్దరికి వాళ్ల పాస్‌పోర్టు ఏ దేశానిదో చూసి వేరు వేరు జీతం. మన విలువ అక్కడివాళ్లే తగ్గించారని కూడా అనలేం. 2020 సెప్టెంబరులో మన కేంద్ర ప్రభుత్వమే గల్ఫ్ పనులకు నిర్ణయించిన కనీస వేతనాలను 30 నుంచి 50 శాతం దాకా తగ్గించింది. వలస కార్మికుల తరఫున కొట్లాడి హైకోర్టు దాకా పోతే 2021లో వెనక్కి తీసుకుంది.

లేబర్ క్యాంపులో ఒక రూముకు పది పన్నెండు మంది. మంచం మీద మంచం. వంట వంతులవారీగా. జ్వరమొస్తే పక్క మంచం మనిషే తల్లి. అక్కడ కూడా కులం చూసి మెస్సు కలిసేవాళ్లు ఉన్నారు, కుల సంఘాలు పెట్టుకున్నవాళ్లూ ఉన్నారు, దాచిపెట్టను. అయినా ఎడారి వేడి చాలామందిని కరిగించింది. ఇంటి మీద బెంగ, అప్పు మీద మిత్తి, కఫీల్ మీద భయం అందరికీ ఒక్కటే. కొండగట్టు దీక్ష 41 రోజులైతే, ఈ దీక్ష పదేండ్లు, ఇరవై ఏండ్లు.

అట్లా ఇరవై ఏండ్లు ఒకే గిన్నెలో తిన్న ఇద్దరిలో ఒకడు పెట్టెలో వస్తాడు. శంషాబాద్‌లో పెట్టె దిగుతుంది, అంబులెన్సు ఊరికొస్తుంది. వెంట వచ్చిన దోస్తు ఆ పెట్టె మీద పడి ఏడుస్తాడు. తర్వాత శవం ఒక దిక్కు పోతుంది. చాలా ఊళ్లల్లో ఇప్పటికీ ఒక కులానికి ఒక శ్మశానం. బతికినన్నాళ్లు పై మంచం, కింద మంచం పంచుకున్నవాళ్లకు చచ్చిన తర్వాత ఒకే మట్టి దొరకదు. దుబాయిలో దొరికింది మల్యాలలో, కోరుట్లలో ఎందుకు దొరకదు?

ఇంకో సంగతి కూడా నిజాయితీగా ఒప్పుకోవాలి. అక్కడ మనల్ని రఫీక్ అంటే గుండె మండింది కదా, మనం పక్క క్యాంపువాళ్లను ఏమన్నాం? బంగ్లాదేశ్ మనిషి కనపడితే దొంగ అన్నాం. ఆఫ్రికా మనిషిని హబ్షీ అన్నాం. నేపాలీ వాచ్‌మన్‌కు ఒక పేరుంటుందని తలవలేదు. తిరిగొచ్చి చూస్తే పెద్దపల్లి, కరీంనగర్ దారుల్లో ఇటుక బట్టీల దగ్గర ఒడిశా నుంచి వచ్చిన కుటుంబాలు, రైస్ మిల్లుల్లో బస్తాలు మోసే బీహార్ పిల్లలు. సెల్‌ఫోన్ పోయిందంటే మన మొదటి చూపు ఎటు పోతుంది? "బీహారోడే తీసుంటడు." మస్కట్‌లో మన మీద పడ్డ చూపూ సరిగ్గా ఇదే. ఆ చూపు కింద కాలినవాడివి, తమ్మీ. నువ్వే దాన్ని ఇంకొకరి మీదికి తిప్పితే ఎట్లా?

చెల్లెండ్లారా, మీకు కూడా ఒక మాట. కోరుట్ల, మెట్‌పల్లి, సిరిసిల్ల దిక్కు ఎన్ని ఇండ్లల్లో మగవాళ్లు గల్ఫ్‌లో ఉంటే, అమ్మలు బీడీలు చుట్టి పిల్లల్ని చదివించారో మీకు నేను చెప్పాలా? ఆ అమ్మల మీద ఊరంతా కండ్లు పెట్టి కూర్చుంటుంది. దుబాయి పోయినోని పెండ్లాం బజారుకు పోతే ఎందుకు పోయింది, ఫోను మాట్లాడితే ఎవరితో మాట్లాడింది, కొత్త చీర కడితే ఎవరి కోసం కట్టింది. పైసలు పంపే మొగుడికి వాట్సాప్‌లో చాడీలు. ఇల్లు, పొలం, పిల్లల చదువు, అత్తమామల మందులు, అప్పుల లెక్క ఒంటిచేత్తో నడిపిన మనిషికి ఊరిచ్చే మర్యాద ఇది. ఈ గుసగుసలు మగవాళ్ల నోట మాత్రమే పుడితే నేను మిమ్మల్ని అడిగేదాన్నే కాదు. ఆ గుంపులో మీరు నిలబడకండి. ఒక్క అమ్మాయి "ఆమె నాకు అక్క లెక్క, ఆమె ముచ్చట నా ముందర తియ్యొద్దు" అంటే, ఆ రోజుకు ఆ గుంపు చెదిరిపోతుంది.

మీలో చాలామంది దుబాయి దాటి అమెరికా దాకా పోతున్నారు. ఎమ్మెస్‌కు పోయే పిల్లలు ఇప్పుడు మా మండలంలోనూ ఉన్నారు. అక్కడి సంగతి కూడా మాట్లాడుకుందాం.

2017 ఫిబ్రవరి 22న కాన్సస్ రాష్ట్రంలోని ఒలేతాలో కూచిభొట్ల శ్రీనివాస్‌ను ఒక తెల్లవాడు కాల్చి చంపాడు. మా దేశం నుంచి పొమ్మని అరిచి మరీ కాల్చాడు. పక్కనే ఉన్న అతని మిత్రుడు మాదసాని అలోక్ గాయాలతో బయటపడ్డాడు. అడ్డం పోయి తూటా తిన్నది ఇయాన్ గ్రిల్లట్ అనే తెల్ల యువకుడే. ఆ రోజు తెలుగు ఇంట ఏడవని మనిషి లేడు. రంగు చూసి చంపుతారా అని అడిగాం. అడగవలసిన ప్రశ్నే అది.

మరుసటి ఏడాది సెప్టెంబరు 11న మా కొండగట్టు ఘాట్ రోడ్డు మీద కిక్కిరిసిన ఆర్టీసీ బస్సు లోయలో పడింది. 60 మందికి పైగా పోయారు. చుట్టుపక్కల పల్లెలవాళ్లే, ఎక్కువ మంది ఆడవాళ్లు. ఆ బస్సులో ఎవరి ఒడిలో ఎవరి పిల్ల కూర్చుందో ఎవరూ కులం అడగలేదు. మా ఊళ్లల్లో పొయ్యి వెలగని ఆ వారంలోనే, సెప్టెంబరు 14న, మిర్యాలగూడలో గర్భవతి అయిన భార్య కండ్ల ముందే ప్రణయ్‌ను నరికి చంపారు. దళితుడై పై కులం పిల్లను పెండ్లి చేసుకున్నాడని, అమ్మాయి తండ్రే పైసలిచ్చి చంపించాడు. 2025 మార్చి 10న నల్గొండ కోర్టు చంపినవాడికి ఉరిశిక్ష, మరి ఆరుగురికి యావజ్జీవం వేసింది. కోర్టు తన పని చేసింది. ఆ హత్య జరిగిన రోజుల్లో ఫోన్లలో తిరిగిన రాతలు మాత్రం నేను మరిచిపోలేను. కన్నతండ్రి కడుపుమంట అని, తప్పేముందని రాసినవాళ్లు తక్కువ మంది కాదు. చదువుకున్నవాళ్లు రాశారు. విదేశాల్లో ఉండి రాశారు. ఒలేతా కోసం ఏడ్చిన కండ్లే, మిర్యాలగూడ దగ్గరికి వచ్చేసరికి తడి లేకుండా ఎట్లా ఉండగలిగాయి?

సియాటెల్ నగరం చూడండి. 2023 జనవరి 23న అక్కడ రోడ్డు దాటుతున్న మన ఆదోని అమ్మాయి కందుల జాహ్నవిని వేగంగా వచ్చిన పోలీసు కారు గుద్ది చంపింది. ఆమె ప్రాణానికి పెద్ద విలువ లేదన్నట్టు ఒక పోలీసు అధికారి ఫోనులో నవ్వుతూ మాట్లాడిన మాటలు అతని కెమెరాలోనే రికార్డయ్యాయి. సెప్టెంబరులో అవి బయటికొచ్చినప్పుడు మన రక్తం ఉడికింది. అదే సియాటెల్‌లో, ఆమె పోయిన నెల తిరగకముందే, ఫిబ్రవరి 21న నగర మండలి కుల వివక్షను నిషేధిస్తూ ఆర్డినెన్స్ చేసింది. తీసుకొచ్చింది మన దేశంలో పుట్టిపెరిగిన క్షమా సావంత్. అమెరికాలో ఒక నగరం అట్లాంటి చట్టం చేయడం అదే మొదలు. మనవాళ్లలో కొందరు దాన్ని సంతోషంగా స్వాగతించారు. మరికొందరు గట్టిగా ఎదిరించారు. ఒకే సమాజాన్ని వేలెత్తి చూపినట్టవుతుందని, ఉన్న చట్టాలు చాలునని వాళ్ల వాదన. ఆ భయాన్ని నేను కొట్టిపారెయ్యను, పరాయి గడ్డ మీద అనుమానపు చూపులు ఎట్లుంటాయో మనకు తెలుసు. కాని వాళ్లలోనే ఎందరో ఇంకో మాట అన్నారు: అమెరికాలో మనవాళ్ల మధ్య కులమే లేదు. "మా ఊళ్లె అసుంటియి ఏం లేవు" అన్న మాటే విమానమెక్కి అక్కడ దిగింది. కులమే లేకపోతే పెండ్లి సంబంధాల ప్రకటనల్లో ఆ గడి ఎందుకు? ఇంటిపేరు ఏందని అంత ఆరా ఎందుకు? కులానికో సంఘం, సంఘానికో వనభోజనం ఎందుకు?

ఇది ఇవ్వాళ్టి జబ్బు కాదు. 1916లో కొలంబియా విశ్వవిద్యాలయంలో చదువుకుంటున్న పాతికేండ్ల అంబేద్కర్ కులాల మీద ఒక పత్రం చదివాడు. మనవాళ్లు దేశాలు పడితే ఈ సమస్య కూడా వాళ్ల వెంట లోకమంతా పోతుందన్న హెచ్చరిక అందులోనే ఉంది. ఏడేండ్లకు, 1923 ఫిబ్రవరి 19న, అమెరికా సుప్రీంకోర్టు భగత్ సింగ్ థిండ్ అనే పంజాబీ పౌరసత్వం కేసులో తీర్పు చెప్పింది. ఆయన అమెరికా సైన్యంలో పనిచేసినవాడు. తెల్లవాళ్లకే పౌరసత్వం ఇచ్చే చట్టం అన్యాయమని ఆయన వాదించలేదు. నేను పై కులపు ఆర్యుణ్ని, కనుక నేనూ తెల్లవాణ్నే అని వాదించాడు. కోర్టు ఒప్పుకోలేదు. కింద ఉన్నవాళ్లతో కలిసి మెట్లను కూలగొట్టే బదులు, కులం బలంతో ఒక మెట్టు పైకెక్కాలనుకున్నాడు. మెట్టూ దక్కలేదు, మర్యాదా దక్కలేదు.

అయితే మనకు అమెరికా తలుపు తీసిందెవరు? 1964లో పౌరహక్కుల చట్టం, 1965 ఆగస్టులో ఓటు హక్కు చట్టం వచ్చాయి. నల్లజాతి ప్రజలు రోడ్ల మీద లాఠీలు తిని, కుక్కల చేత కరిపించుకొని, ప్రాణాలు పోగొట్టుకొని తెచ్చుకున్నవి అవి. జాతిని బట్టి మనుషుల్ని కొలవడం తప్పన్న ఆ గాలిలోనే 1965 అక్టోబరు 3న కొత్త వలస చట్టం మీద సంతకం పడింది. ఆసియావాళ్లను ఆపిన పాత కోటాలు పోయాయి. మన డాక్టర్లు, ఇంజినీర్లు, ఇవ్వాళ్టి సాఫ్ట్‌వేర్ పిల్లలు అందరూ ఆ తలుపులోంచే లోపలికి పోయారు. ఇప్పుడు మన పిల్లలు ఫోన్లలో ఆ నల్లవాళ్ల గురించే "కాలోళ్లుండే ఏరియా, అటు పోకు" అని చెప్పుకుంటారు. అమెరికా పోయే తమ్మీ, నీ సూట్‌కేసులో అమ్మ పెట్టిన మామిడికాయ తొక్కు ఉండనియ్యి. ఈ మాటను మాత్రం ఇక్కడే వదిలిపెట్టి పో.

మన గడ్డ ఇట్లాగే ఉందని, ఇట్లాగే ఉంటుందని అనుకునేవాళ్లకు జగిత్యాల చరిత్ర గుర్తు చేస్తాను. "బాంచెన్ దొరా, నీ కాల్మొక్తా" అన్న మాట మీ తాతల నోట ఉండేది. గడీ ముందర చెప్పులు చేతపట్టుకొని నడిచారు. పండుగకైనా, చావుకైనా దొర ఇంట వెట్టి చేశారు. ఆ మాట ఇవ్వాళ మీ నోట ఎందుకు లేదు? అది దానంతటది పోలేదు. 1970ల చివర ఇక్కడి పల్లెల్లో రైతుకూలీ సంఘాలు లేచాయి. మీ వయసు పిల్లలే వాడవాడా తిరిగారు. వెట్టి బందు అన్నారు, కూలి పెంచమన్నారు, దొరలు కలుపుకున్న భూముల్లో నాగండ్లు కట్టారు. 1978 సెప్టెంబరులో వేల మంది రైతులు, కూలీలు జగిత్యాల వీధుల్లో నడిచిన జైత్రయాత్రను చూసి పట్నం నోరు తెరిచింది. ఆ మరుసటి నెలలోనే ప్రభుత్వం జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. తర్వాత రెండు వైపులా పారిన నెత్తురు గురించి ఎవరి అభిప్రాయం ఏదైనా కావచ్చు. ఒక్కటి మాత్రం ఎవరూ కాదనలేరు. వంగిన నడుము నిటారైంది. "బాంచెన్" అన్న మాట చచ్చిపోయింది.

నాకు బాధ కలిగించేది ఆ తర్వాతి కథ. దొర ముందర చెప్పులు విడిచిన తాత అవమానం మనకు బాగా గుర్తుంది. ఆ తాతే తన ముందర చెప్పులు విడిపించిన ఇంకో తాత గుర్తు లేడు. మన నెత్తి మీద కాలు పెట్టినవాడి ముఖం మరిచిపోం, మన కాలి కింద ఉన్నవాడి ముఖం ఎన్నడూ చూడం. దొరలు పట్నం పోయారు. గడీలు కూలిపోయాయి. ఊరి నడుమ ఆ జాగా ఖాళీగా ఉండలేదు.

మన దిక్కు, నిజామాబాద్ దిక్కు గ్రామాభివృద్ధి కమిటీలు ఉన్నాయి. గుడి కట్టించాయి, దారులు వేయించాయి, మంచి పనులు చేశాయి, కాదనను. కాని ఎన్నో ఊళ్లల్లో ఈ కమిటీ మాట వినలేదని ఒక కులాన్నో, ఒక ఇంటినో వెలి వేశారు. దుకాణంలో ఉప్పు అమ్మరు. హోటల్లో చాయ్ పొయ్యరు. పొలానికి ట్రాక్టరు రాదు, నాటుకు మనిషి రాదు. మాట్లాడినవాడికి జరిమానా. పంచాయతీని రాజ్యాంగం గుర్తించింది, ఓట్లేసి ఎన్నుకుంటాం. ఈ కమిటీకి జరిమానా వేసే అధికారం ఎవరిచ్చారు? దళితులను, గిరిజనులను సాంఘికంగా, ఆర్థికంగా వెలివేస్తే అట్రాసిటీ చట్టం కింద నేరం. 2015లో సవరించిన చట్టం 2016 జనవరి 26 నుంచి అమలులో ఉంది. ఏ కులంవాణ్ని వెలివేసినా శిక్షించేలా మహారాష్ట్ర 2016లో విడిగా ఒక చట్టం చేసుకుంది. మన రాష్ట్రంలోనూ అట్లాంటిది రావాలని అడగవలసింది మీరే.

ఇదంతా పై కులాలు కింది కులాలకు చేసేదే అనుకొని ఊపిరి పీల్చుకునేవాళ్లకు ఇంకో సంగతి. 2022 జనవరి 20న జగిత్యాల పట్నం టీఆర్‌నగర్‌లో, కుల సంఘం సమావేశానికి వచ్చిన ఒక తండ్రిని, ఇద్దరు కొడుకులను మంత్రాలు చేస్తున్నారన్న అనుమానంతో అక్కడికక్కడే చంపేశారు. చంపింది పరాయివాళ్లు కాదు. అందరి చేతుల్లో స్మార్ట్‌ఫోన్లు ఉన్న రోజులవి. జిల్లా కేంద్రం అది, పోలీస్ స్టేషన్ ఉన్న పట్నం, కాలేజీలు ఉన్న పట్నం. ఒక మనిషికి "మంత్రగాడు" అని పేరు పెట్టడంతో ఆ హత్య మొదలైంది. పేరు పెట్టిన రోజే ఎవరైనా ఒక్క చదువుకున్న పిల్లవాడు అడ్డం నిలబడి ఉంటే అని ఇప్పటికీ అనిపిస్తుంది.

అందుకే నేను పెద్ద మాటలు చెప్పను. మీరు చేయగలిగిన పనులే చెబుతాను. ఇంట్లో పెద్దవాళ్లు ఎవరినైనా కులం పేరుతో తిడితే, వాళ్లు తిట్టే దాకా తిట్టనిచ్చి పక్కకు పోకండి. "బాపూ, ఆ మాట నా ముందర అనకు" అనండి. బాపు కోపం చేస్తాడు. రెండు రోజులు మాట్లాడడు. మూడోనాడు ఆ మాట నోటి దాకా వచ్చి ఆగుతుంది, చూడండి. చాయ్ హోటల్లో గిలాసలు వేరుగా పెడితే మీరు అక్కడ చాయ్ తాగకండి. ఎందుకు తాగడం లేదో ఆ హోటలాయనకు చెప్పే రండి. వెలి వేసిన ఇంటికి పట్టపగలు, అందరూ చూస్తుండగా పొండి. నెలాఖరున ఊళ్లల్లో అధికారులు పౌరహక్కుల దినం జరుపుతారు. చాలా చోట్ల నలుగురు సంతకాలు పెట్టి ఫోటో దిగి పోతారు. ఈ నెల మీరు పది మంది పోయి ముందు వరుసలో కూర్చోండి. మన ఊరి గుడిలోకి అందరూ పోతున్నారా, మన ఊరి మంగలి అందరికీ క్షవరం చేస్తున్నాడా, మన ఊరి శ్మశానం అందరిదీనా అని తహసీల్దారును అడగండి. పెండ్లి విషయం మీ మనసు, మీ బతుకు. కులం దాటి మనసిచ్చిన దోస్తు మీ దగ్గరికి వస్తే మాత్రం తలుపు మూయకండి. ప్రణయ్‌కు అమ్మానాన్నలు అండగా ఉన్నారు, ఊరు లేదు. మీరు ఆ ఊరు కండి.

గల్ఫ్ నుంచి సెలవు మీద వచ్చే అన్నలారా, మీ మీద నాకు ఎక్కువ ఆశ ఉంది. అవమానం అంటే ఏమిటో పుస్తకం చదివి తెలుసుకున్నవాళ్లు కాదు మీరు. క్యాంపులో ఒకే గిన్నెలో తిన్న మీ దోస్తు వాడలో ఉంటాడు. వచ్చిన మొదటి ఆదివారం అతన్ని, అతని అవ్వను, పిల్లలను మీ ఇంటికి భోజనానికి పిలవండి. అరుగు మీద కూర్చోబెట్టకండి. లోపల, మీ అవ్వ వడ్డించే చోట, మీ పక్కన కూర్చోబెట్టండి.

మళ్లీ జయంతి వస్తుంది. మళ్లీ మల్యాల దారులు కాషాయమవుతాయి. నువ్వు మాల వేసుకుంటావో లేదో నాకు తెలియదు, అది నీ భక్తి. వేసుకుంటే దీక్ష విరమించి వచ్చిన మర్నాడు పొద్దున కాస్త ముందు లేచి వాకిట్లో నిలబడు, తమ్మీ. మోరీ తీయడానికి ఆ పెద్దాయన వస్తాడు. ఆయనకొక పేరుంది, అడిగి తెలుసుకో. మీ నాయన కంటే పెద్దవాడు, కాబట్టి నీకు పెదబాపు అవుతాడు. అట్లాగే పిలువు.